రెప్పపాటు ఆలస్యం

చండూరు ఫంక్షన్ హాలోళ్లు పాత సామాను అమ్ముతుంటె
మా అంజిలయ్య మామ ఆటోల ఏసుకొచ్చిండు
యాభై అయిదు అంగుళాల టీవి.
ఎడమదిక్కు పైనుంచి కిందిదాక ఒక నల్లగీత.
"గీత ఉందని రెండువేలు తగ్గించిండ్రు" అని
కోడిపుంజు గెలిచినోని లెక్క నవ్విండు.

గోడకు కొట్టిన మేకులు అట్లనే ఉన్నయి.
మామ మెడ పైకి లేవదు.
బడికి పోయే యాల్లకే పండ్లు పసుపయినయి,
ముప్పై దాటినంక వెన్ను గట్టిపడ్డది.
బోరునీళ్లు ఎముకల్ల ఏం రాసినయో
నల్లగొండ దవాఖాన ఫిల్ములల్ల తెల్లగ కనవడ్తది.
నల్లల కృష్ణనీళ్లు వచ్చేటాలకు
ఆయనకు నలభై దాటినయి.

మా మర్రిగూడ మీదికెళ్లి విమానం పోతుంటె
జిరాక్స్ దుకాణం ముందటున్నోళ్లు అందరు పైకి చూస్తరు.
మామ గాబుల నీళ్లల్ల చూస్తడు.

అందుకే టీవిని నాలుగు సిమెంటు ఇటుకల మీద పెట్టి
జర వెనక్కి వాల్చి, జారకుండ బియ్యం సంచి ఆనించినం.
ల్యాప్‌టాపు మీదికి ఆయన వంగలేడు,
అండ్ల గడియారాల అంకెలు చీమల లెక్క ఉంటయి.
గిప్పుడు ఏడడుగుల దూరంల కుర్చీ ఏస్కుంటె
విమానం మొత్తం ఆయన దగ్గరికే వస్తది.

మొదటి రాత్రి ఎత్తు చూపే ముల్లు కనవడలె.
బొమ్మ అంచులను టీవి మింగింది.
ఎంత ఎత్తున ఉన్నమో తెల్వకుండనే
శంషాబాదుల లేసి, మాల్ దాటి, ఇటుదిక్కు మలిపిండు.
పాలిటెక్నిక్ చదివినదాన్ని కద,
రిమోట్ల ఏడెనిమిది మెనూలు తిరిగి అంచులు తెచ్చిచ్చిన.
ముల్లు రెండువేల అడుగుల కాడ ఉన్నది.
"గింత కిందనా!
రాచకొండ గుట్టకు తగులకుంట ఎట్లొచ్చినం పిల్లా?"

ఇంకో తిప్పలు ఉండె.
మామ పుల్లను వెనక్కి గుంజుతడు,
రెప్పపాటు ఆగి ముక్కు లేస్తది.
టీవి అంటె అంతే,
ఒక్కొక్క బొమ్మకు తలదువ్వి, పౌడరద్ది
అప్పుడు బయటికి పంపుతది.
వెతికి వెతికి గేమ్ మోడ్ నొక్కిన.
ఆలస్యం పోయింది.
మామ పోయి పత్తిచేన్ల పడ్డడు.
మళ్ల లేసిండు, మళ్ల పడ్డడు.
మూడోసారి డిండి నీళ్లల్ల.

కొంచెంసేపు ఏం మాట్లాడలె.
"పాతదే పెట్టు బిడ్డా."
"అది సుస్తుగ ఉంటది మామా, చెయ్యి ముందట, బొమ్మ వెనక..."
"నా మెడ అంతకంటె సుస్తు.
తిరుగు అని పొద్దుగాల చెప్తె పగటికి తిరుగుతది.
చెప్పినంక ఆగుడు నాకు అలవాటే.
గిదేందో చెప్పకముందే దుంకుతున్నది."

పెట్టిన.
ముందుగాల గుంజి, ఆగి,
బస్సు దిగే చుట్టం కోసం నిలబడ్డట్టు
ముక్కు వచ్చేదాక నిలబడి,
సాగర్ కాడ పాత రన్‌వే మీద
పాలగిన్నె దించినట్టు దించిండు.

ఇగ రోజు మా ఊరి మీదికెళ్లి పోతం.
అండ్ల మా ఊరు లేదు.
ఎవల్వో చెట్లు, ఒక్కతీరు ఇండ్లు,
నీళ్లట్యాంకు లేదు, మా చౌరస్తా లేదు, బోరింగు లేదు.
అయినా వెతుకుతనే ఉంటడు.
నల్లగీత వచ్చినప్పుడల్ల "కరెంటు స్తంభం" అంటడు నవ్వుకుంట.
"పైలట్ అయినా కిందికే చూడాలె కద,
అండ్ల నేను పాతకాపును."

పొద్దుగాల సోమక్కత్త తడిబట్టతోని
ఆకాశం తుడుస్తది, దుమ్ము పడ్డదని తిట్టుకుంట.
ఒకనాడు ఆమె పసుపు చెయ్యి ఆనింది
కుడిదిక్కు, మబ్బుల నడుమ.
ఎవ్వలం తుడువలె.
రాత్రి దాని కాడికి వచ్చేటాలకు
మామ ఒక రెప్పపాటు ముందే
పుల్లను పక్కకు తిప్పుతడు.