కింది కొస

పురిట్లో నన్ను తవుడుకి కొన్నారు.
నాకు ముందు ఇద్దరు దక్కలేదని
పక్కింటి గవరమ్మ చేటెడు తవుడు తెచ్చి
మా అమ్మ ఒళ్లో పోసి నన్నెత్తుకుంది.
కొన్న పిల్లాడైతే బతుకుతాడట.
బతికాను. పేరు తవుడు.

నీలవేణిని మొన్న మాఘంలో కొన్నారు.
ఏదో కూల్‌డ్రింకు, సీసా మీద చిరుతపులి.
టెక్కలి లాడ్జి గదిలో పదకొండు కాగితాలు,
ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా
ఆమె సంతకాలయ్యేదాకా నేనే అదిమి పట్టాను.
నా పని ఎప్పుడూ అదే.

ఏనుగుబండ మీద మాకు ఏడు దారులు.
పేర్లు మేమే పెట్టాం:
గబ్బిలాల సందు, జారుడు మామ, ముసిలమ్మ పన్ను.
ముసిలమ్మ పన్ను దగ్గర నీలవేణి పదిహేడుసార్లు పడింది.
లెక్క నా అరచేతుల్లో ఉంది.
ఇప్పుడా దారికి సీసా పేరు.

క్వారీలో వాళ్ల నాన్న
నడుముకి తాడు కట్టుకుని వేలాడుతూ
నీలిరాతికి చిల్లులు పెట్టేవాడు.
ఆ తాడే, రిటైరయ్యాక, మా మొదటి తాడు.

టీవీవాళ్లు ఆదివారం వచ్చారు,
ఆ రోజైతే పేలుళ్లుండవని.
డ్రోను లేచింది. ఊరి కుక్కలన్నీ లేచాయి.
"భయమేస్తుందా?" అడిగింది మైకు పట్టుకున్నావిడ.
"ఎయ్యదేటి?" అంది నీలవేణి.
"అలా కాదండీ,
భయం నా డిక్షనరీలోనే లేదు, అనండి."
నాకేసి చూసింది.
మూడోసారికి అనగలిగింది.

"అన్నా, కొంచెం పక్కకి. మీ చొక్కా పడుతోంది."
చొక్కా మీద యూరియా బస్తా బొమ్మ,
ఉగాదికి ఎరువుల కొట్టువాడిచ్చింది.
నాకూ ఒక కంపెనీ ఉందని
అప్పుడే తెలిసింది.

చొక్కా విప్పి, రాయి చాటుకి జరిగి, తాడు పట్టాను.
అక్కణ్ణించి ఆమె కనపడదు.
తాడే చెప్పాలి:
ఆగింది.
చెయ్యి తుడుచుకుంది.
ఎడమ కాలు వణుకుతోంది,
కుట్టు మిషను సూదిలా.

"ఒక్కసారి పడండి మేడమ్!"
పడింది.
"లైటు పోయింది, ఇంకొక్కటి!"
మళ్లీ పడింది.
జారి పడ్డ మనిషి బరువు వేరు,
పడమంటే పడ్డ మనిషి బరువు వేరు.
రెండోదే ఎక్కువ. ఎందుకో తెలీదు.

నాకు కోపం రావాలంటారు కొందరు.
వాళ్ల నాన్న గుండెల్లో పేరుకున్న రాతిపొడికి
శ్రీకాకుళం నుంచి మందులొస్తున్నాయి ఆ సంతకాలతోనే.
అరవై మీటర్ల కొత్త తాడొచ్చింది,
ఎర్రటిది, ఎండకి పొలుసూడనిది.
కొంటే బతుకుతుంది కదా.
గవరమ్మ మాత్రం ఏం చేసింది?
కాకపోతే గవరమ్మ, కొన్న మర్నాడే
నన్ను తిరిగి అమ్మ ఒళ్లో పెట్టేసింది.

శుక్రవారం రాత్రి దాలినాయుడి టీ కొట్లో
బెంచీలు చాలక నిలబడి చూశాం.
బండ. ఆకాశం. నీలవేణి.
నడుము దగ్గర తాడు లేదు.
కంప్యూటర్లో తుడిచేశారు,
పలక మీద లెక్క తుడిచినట్టు.
ఎర్రదారం పోగు కూడా మిగల్లేదు.
"ఓలమ్మ! తాడు నేకుండానే!" అన్నాడు సింహాచలం.
రోజూ ఆ తాడు కొండ కిందికి
మోసుకొచ్చేది వాడే.

"తవుడూ, బిగించూ!" అని ఆమె అరిచిన చోట
డప్పులు పెట్టారు.
పెదాలు కదిలాయి, అంతే.
ముసిలమ్మ పన్ను కింద, సరిగ్గా అక్కడ.

గ్లాసు ఎప్పుడు కింద పెట్టానో,
నా రెండు చేతులూ గాల్లో
ఒకటి కిందికి, ఒకటి పైకి,
గబగబా లాగుతున్నాయి.

"ఏట్రా తవుడూ," అన్నాడు దాలినాయుడు,
"దోమలా?"