రెండు చెవులు, రెండు సైజులు

జగదీశ్ మార్కెట్ల మెట్ల కింద దుకాణం.
ఒకలు నిలబడితే ఇంకొకలు పక్కకు జరగాలె.
గోడ నిండ వేలాడే వైర్లు,
ఎండేసిన గోకరకాయ వరుగుల లెక్క.

"ఎంతల చూపియ్యాలె అక్కా?" అన్నడు మునీర్.
వెయ్యి అన్న.
పర్సుల పన్నెండొందలున్నయి,
ఆ రెండొందల సంగతి ఆయనకెందుకు.

"పాటలకా, ఫోన్లకా?"
రెండిటికీ గాదు.
బాలానగర్ నించి ఉప్పుగూడ దాక
రెండు బస్సులు, గంటా నలబై నిమిషాలు.
అంతసేపు నాకేం వినబడొద్దు.

మునీర్ గడ్డం గోక్కున్నడు.
ఏం వినబడనిదాని కోసం
వచ్చిన మొదటి గిరాకీని నేనేనేమో.

ఎట్ల చెప్పాలె ఆయనకు.
పక్క సీటు పిలగాడు ఫోన్ల రీళ్ళు పెడతడు,
ఒక్కటి గూడ చివరిదాక చూడడు.
వెనక సీటామె దినాం ఫోన్ల
అదే కోడల్ని తిడుతది.
ఆ కోడలి పేరు ఉమాదేవి.
ఆమె పప్పుల ఉప్పెక్కువైన రోజులు
నాకు లెక్కతో సహా తెల్సు.

మొదలు పెద్దది దించిండు.
మూడువేల నాలుగొందలు.
"కొనకున్నా ఒకసారి పెట్టి చూడు" అన్నడు.
మెత్తటి గిన్నెలు రెండు
కమ్మలతో సహా చెవుల్ని మింగినయి.
ఏదో మీట నొక్కిండు.

ఆబిడ్స్ ఆగిపోయింది.
ఆటోలు లేవు. పక్క దుకాణం బేరం లేదు.
మునీర్ నోరు కదులుతుంది, మాట లేదు.

అప్పుడు మొదలైంది లోపల.
కీ... అని సన్నగ,
కుక్కర్ కూతకు ముందొచ్చే గాలి లెక్క.
పన్నెండేండ్లు ప్రెస్ మిషన్ పక్కన నిలబడ్డ.
రేకు మీద దెబ్బ, దెబ్బ మీద దెబ్బ.
చెవులల్ల పత్తి పెట్టుకోండని సూపర్‌వైజర్ చెప్పేటోడు,
పత్తి మాత్రం ఎన్నడూ తేలే.
బస్సుల రొద కింద ఇన్నేండ్లు కనబడకుండ కూసున్నది,
అందరు లేచిపోయినంక
అప్పు సంగతెత్తే చుట్టం లెక్క
ఇప్పుడు గొంతు సవరించుకున్నది.

"ఇది గూడ బందైతదా?" అని అడిగిన.
మునీర్ తీసుకొని తన చెవులకు పెట్టుకున్నడు.
"ఏం లేదక్కా, నిమ్మలంగుంది."
ఆ మాటంటనే నా మొఖం చూసిండు.
మీట ఆపిండు. జాగ్రత్తగ డబ్బాల పెట్టిండు.
"మా అబ్బా ఆజామాబాద్ల చేసెటోడు," అన్నడు,
"టీవీ గల్లీ అంతా వినబడాలె ఆయనకు.
నీకు పూర్తిగ మూసేది ఇయ్యనక్కా.
కొంచెం బయటిది రానియ్యి."

గల్లా పెట్టె కిందికెల్లి
రబ్బరు టోపీలది తీసిండు. తొమ్మిదొందల యాబై.
చార్జింగ్ లేదు, మీట లేదు,
చెవుల దూరి కూసుంటది, గంతే.
మూడు సైజులుంటయట.
ఎడమకు నడిమిది సరిపోయింది,
కుడికి చిన్నది.
నలబై ఒక్క ఏండ్లు మోసిన,
నా రెండు చెవులు ఒక్కటి గాదని
ఇయ్యాల తెల్సింది.
మిషన్ ఏ దిక్కున్నదో గుర్తు చేసుకున్న.
కుడి దిక్కే.

"ఎనిమిదొందలియ్యి."
"అక్కా, పడదు."
"ఎనిమిదొందల ఇరవై."
మిగిలిన జతలు గూడ కవర్ల ఏసిండు,
పోగొట్టుకుంటవని.

కోటీల బస్సు ఎక్కిన. కిటికీ సీటు దొరికింది.
రెండు చెవులల్ల కుక్కిన.
పిలగాని రీళ్ళు నీళ్ళల్ల మునిగినట్టు,
ఇంజన్ మాత్రం కడుపులకెల్లి వస్తుంది.
లోపలిది గూడ ఉన్నది, కొంచెం.
రానీ అనుకున్న.

చాదర్‌ఘాట్ దాటంగనే
వెనకామె ఫోన్ తీసింది.
అద్దంల ఆమె పెదాలు కదులుతున్నయి.
ఈసారి తిడుతున్నట్టు లేదు.
కండ్లు తుడుచుకుంటుంది గూడ.

కుడి చెవుది తీసిన.
"...లేదు వదినా, ఉమకు రెండో నెల," అంటుంది,
"ఉప్పు వాసన గిట్టుతలేదట,
ఇయ్యాల పప్పు నేనే చేసిన."

తీసినదాన్ని పిడికిట్ల పట్టుకొని
ఉప్పుగూడ దాక కూసున్న.