బ్రుహహా

కార్పెంత్రాలో మా రొట్టెల కొట్టుకీ
యూదుల ప్రార్థనాలయానికీ మధ్య
ఒకటే గోడ.
గోడలకు చెవులుంటాయంటారు.
మా గోడకు ఒక్కటే చెవి,
అదీ చెముడుది.

అవతల ఎవరిదో పెళ్ళి.
పెళ్ళికొడుకు గడప దాటగానే
గుంపంతా ఒక్క గొంతై లేచేది.
ఇవతల అమ్మ పిండి పిసకడం ఆపి,
మోచేత్తో జుట్టు వెనక్కి తోసుకుని,
"మొదలైంది వాళ్ళ బ్రుహహా" అనేది.

మాకది మాట కాదు,
గిన్నెలు దొర్లిన చప్పుడు.
సంతలో మేకలు తెంచుకుంటే బ్రుహహా.
మేయరు మీదికి కుర్చీలు లేస్తే బ్రుహహా.
నాన్న తాగొచ్చి మెట్ల మీద జారితే
వీధి వీధంతా బ్రుహహా.

బడిలో దువాల్ మాష్టారు చెప్పాడు:
"వెనకటి నాటకంలో
పాదిరీ అంగీ తొడుక్కున్న దయ్యం
జనాన్ని హడలగొట్టడానికి వేసిన కేకరా అది."
దయ్యమా! ఇంకేం కావాలి మాకు?
నెలరోజులు ఆ గోడను తన్ని పారిపోయాం.

ఆ తర్వాత ఒక చలికాలం
గోడ ఏమీ అనలేదు.
పొయ్యి రాజేస్తూ అమ్మ
ఒకటికి రెండుసార్లు అటు తిరిగింది.
"బొత్తిగా సద్దు లేదేంటో" అంది.
తిరిగి ఆ మాట ఆమె నోట వినలేదు,
నాన్న మెట్ల మీద జారినప్పుడు కూడా.

మొన్న లునెల్ గారి మనవరాలు రెజినెట్
పెళ్ళికి పిలిచింది.
డెబ్బై తొమ్మిదేళ్ళకు
మొదటిసారి గోడకు అవతల నిలబడ్డాను.
పెళ్ళికొడుకు కాలు లోపల పెట్టాడు.
లేచింది, అదే గోల.
నా మోకాళ్ళకు ఎనిమిదేళ్ళు వచ్చాయి.
పక్కనున్న పెద్దాయన చొక్కా లాగి అడిగాను,
ఏమంటున్నారని.
"బారుఖ్ హబా."
అంటే?
"వచ్చినవాడికి దీవెన.
రా నాయనా, అని."

నిఘంటువు ఇంకా ఒప్పుకోదు.
పుట్టుక సందిగ్ధం అని రాసి
దయ్యాన్నీ దీవెననూ
ఒకే బెంచీ మీద కూర్చోబెట్టింది.
ఏది నిజమో నాకూ తెలీదు.
పిండి కలిపేవాణ్ణి, పండితుణ్ణి కాను.

ఇవాళ బడి వదిలిన వేళ
పిల్లలు తోసుకుంటూ కొట్లోకి పడ్డారు,
సంచులూ తడి బూట్లూ అరుపులూ.
కొత్తగా చేరిన అమ్మాయి సొలాంజ్
చెవులు మూసుకుని
"ఏం బ్రుహహా ఇది!" అంటూ
తలుపు వేయబోయింది.

ఉండనీ, అన్నాను.
ఇంకా వస్తున్నారు.