మేకలు నెమరేసే వేళ

రామంతాపూర్‌లో జిరాక్స్ షాపు పైన గది.
కింద యాదగిరి షట్టర్ దించాక
నా మేకలు బయటికొస్తాయి.

పదిహేను మేకలు, మూడు పులులు,
ఇరవై మూడు చుక్కలు.
మౌలాలి గుట్ట ఎక్కుతుంటే
మెట్టు పక్క బండ మీద ఎవరో ఉలితో గీసిన ఆట.
ఫోటో తీసుకున్న రోజు
ఆ గీతలు నా అద్దె తినేస్తాయనుకోలేదు.

బండ మీద ఆడేవాళ్లకి
ఎదుటివాడు బుర్ర గోక్కుంటే కనబడుతుంది,
బీడీ కోసం లేస్తే కనబడుతుంది.
ఇక్కడ
అవతలి మనిషి ఆలోచిస్తున్నాడో
వాడింట్లో కరెంటే పోయిందో
నా ప్రోగ్రాముకి తేడా తెలీదు.
రెండూ ఒకే నిశ్శబ్దం.
దానికి ముప్పై సెకన్లు పెట్టాను.
దాటితే ఓటమి.
ఒక్క లైను కోడ్.
రాసేలోపు చాయ్ కూడా చల్లారలేదు.

మొదటి ఐదు నెలలు నేనే ఆడాను.
కొత్తగా ఎవరైనా వస్తే
ఎవరూ లేరని చూసి వెళ్లిపోతారేమోనని
నాలుగు దొంగ పేర్లతో, రెండు ఫోన్లతో.
ఓసారి పొరపాటున
నాతో నాకే జత కుదిరి
ఓడిపోయాను.
నవ్వొద్దు. ఆ పులి బాగా ఆడింది.

మాదాపూర్‌లో ఒకాయన
కాఫీకి తనే డబ్బులిచ్చి అన్నాడు:
"చచ్చిన మేకని పది రూపాయలకి బతికించమ్మా.
ఓటమిని ఎవరూ కొనరు,
తప్పించుకోవడాన్ని కొంటారు."
తప్పు మాటేం కాదు.
మెట్రోలో ఉప్పల్ దాకా లెక్కలేసుకున్నాను.
ఇంటికొచ్చి సగం రాశాను కూడా.
ఆ ఫైలు ఇంకా ఉంది.
చెరిపేశానని చెప్పుకుంటే బావుండేది.

తర్వాత సిద్ధిరాములు ఉత్తరం.
ఉత్తరమంటే, ఫిర్యాదుల పెట్టెలో మూడు ముక్కలు:
"గేటు తీసొచ్చేసరికి ఓడిపోయినవ్ అంటున్నది మేడం.
నా పులి యాడికీ పోలే.
హారన్ కొట్టే సార్‌కి నీ ముప్పై సెకన్లు ఎట్ల చెప్పాలె?"

లెక్కలు తెరిచి చూశాను.
కొంపల్లి. రాత్రి పదకొండు నుంచి ఐదు దాకా.
పద్నాలుగు ఓటములు.
ఒక్కదాంట్లోనూ మేకలు అతని పులిని కట్టలేదు.
కట్టింది నేను.

గడువు మూడు నిమిషాలు చేశాను.
మిగతావాళ్లు తిట్టి, ఒక్క నక్షత్రం పడేసి పోయారు.
మళ్లీ ముప్పై చేశాను.

ఫర్హానా, మా ఆటకి చప్పుళ్లు చేసే పిల్ల,
చార్జర్ కోసం వచ్చి
చెప్పులు విడవకుండానే గుమ్మంలోంచి అంది:
"అరె, పోయిండని ఎందుకంటవ్?
జర కూసున్నడని చూపియ్."

అప్పుడు పెట్టాను ఒక బటన్:
"గేటు తీసొస్తా."
పేరు అలాగే ఉంచాను.
నొక్కితే
అవతలి తెర మీద
మేకలు మోకాళ్లు మడిచి కూర్చుంటాయి, నెమరేస్తాయి.
పులి పంజా నాక్కుంటుంది.
నెమరు చప్పుడు ఫర్హానాదే,
దుప్పటి ముసుగులో తమలపాకు నములుతూ
తెల్లారుజామున రికార్డు చేసింది.
మేకల్ని చూద్దాం, ఒకసారి నొక్కవా అని
కొందరు ఎదుటివాళ్లని బతిమాలతారట.

ఈ రాత్రి నలభై ఒక్కమంది.
జత లేని ఆ ఒక్కరి కోసం
రెండో ఫోన్ తీశాను.
సర్వర్ బిల్లు తారీఖు దాటిపోయింది.
ఆరు పలకల మీద మేకలు కూర్చుని ఉన్నాయి.
ఎక్కడో పసిదానికి పాలు కాగుతుండాలి,
ఎక్కడో ఫోన్ చార్జింగ్ వైరు వెతుకుతుండాలి,
కొంపల్లిలో గేటు కిర్రుమంటుండాలి.
ఇంత ఆటలో
నాకు బాగా నచ్చేది
ఎవరూ ఆడని ఈ కాసేపే.

ఆరో పలక మీద మేకలు లేచాయి.
వచ్చాడు.
అయ్యో, తొందరపడి తప్పు గీత మీదికి దూకాడు.
మేకలు మెల్లగా చుట్టూ చేరుతున్నాయి.
ఈసారి ఓడితే
తనే ఓడతాడు.