పదమూడు వారాలు

మిడిల్స్‌బ్రోలో, చేపలూ చిప్సూ అమ్మే కొట్టు పక్కన
ఇరుకు మెట్లెక్కితే క్లినిక్.
నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చాను,
చేతులకింకా కేర్‌హోమ్ సబ్బు వాసన.

సూది కోసం సోదికెళితే
పాత రంకులన్నీ బయటపడ్డాయంటారు మా వైపు.
నర్సు మోరీన్ అడిగింది:
కాన్పులెన్ని?
ఒకటి.
నిలవనివి?
గోడ మీది ఎముకల బొమ్మని కాసేపు చూశాను.
రెండు. ఒకటి పోయింది. ఒకటి తీయించుకున్నాను.
ఆమె పెన్ను ఆగలేదు.
నా గతం రంకు కాలేదు,
అంకె అయింది.

టైము తప్పినవాళ్ళనీ కలుపుకుంటే
ఏడాదికి వందలో ఆరుగురు నెల తప్పుతారట.
టైముకి వేసుకుంటే ఒక్కరు కూడా అరుదేనట.
నేను టైము తప్పను, అన్నాను.
ఇరవై ఆరుగురు ముసలివాళ్ళ మాత్రలు
నా చేతి గడియారం మీద నడుస్తాయి.
నా మాత్ర ఒక్కటే మరిచిపోయేదాన్ని.

మొదటి విడత మాత్రం నరకం.
చుక్క చుక్క, నలభై ఒక్క రోజులు.
ప్రభుదాసు పాల డబ్బాతో పాటు ప్యాడ్లూ తెచ్చేవాడు,
ఏ రకమో ఎప్పుడూ తప్పే.
తర్వాత ముట్టు ఆగిపోయింది.

పై గదిలో సలోమి భయపడింది:
"ఆ రక్తమంతా ఎక్కడ చేరుతుందక్కా?"
ఎక్కడా చేరదే.
గూడు కట్టని పిట్టకి
గూడు పీకే పనుండదు.
సలోమి నమ్మలేదు.
నెలనెలా కనబడితేనే తనకి నిమ్మళమంది,
వెళ్ళి రాగి తీగ పెట్టించుకుంది.
ఎవరి ఒళ్ళు వాళ్ళది.

మా అమ్మకి ఇరవై మూడేళ్ళకే ఆపరేషన్.
బడిలో బెంచీలు జరిపి క్యాంపు పెట్టారట.
కాన్పులెన్నని కూడా అడగలేదు,
పేరు పిలిచారు, వెళ్ళింది.
నన్ను చంకనేసుకుని ట్రాక్టర్ మీద తిరిగొస్తూ
ప్రతి గతుక్కీ పొట్ట పట్టుకుందట.
మొన్న ఫోన్లో అడిగింది:
"ఆ సూది మానేస్తే మళ్ళీ నీళ్ళోసుకుంటావా?"
"ఆఁ, ఏడాది పట్టొచ్చమ్మా."
అవతల కుక్కర్ కూత పెట్టింది.
"మానేయడం కూడా ఉందన్నమాట," అంది.
కుక్కర్ దించడానికి వెళ్ళి, మళ్ళీ లైన్లోకి రాలేదు.

ఈసారి నేనే వేసుకున్నాను.
స్నానాల గదిలో, తలుపు గడియ పెట్టి,
తొడ మీద కండ మడతపెట్టి, గోరంత సూది,
బుడగ నొక్కి మెల్లగా ఏడు లెక్కపెట్టాను.
చీమ కుట్టినంత.
కాదు, కందిరీగ.

మూడు కిలోలు పెరిగాను.
ఎముకలు కాస్త పలచబడొచ్చంది మోరీన్,
రెండేళ్ళకోసారి కూర్చుని మాట్లాడుకుందామంది.
ఎండలో నడవమంది.
ఎండెక్కడుంది ఈ ఊళ్ళో, అంటే
నవ్వి, తనూ వెతుకుతున్నానంది.

వారాలు వేళ్ళ మీద లెక్కేస్తే
మళ్ళీ సూది జూలై తొమ్మిదిన.
ఆ రోజే నీలం చెత్తడబ్బా బయట పెట్టాలి.
క్యాలెండర్లో ఒకే గడిలో
రెండూ రాసుకున్నాను.