ఏడు రాత్రులకు టు-లెట్

ముప్పై ఒక్కేళ్ళు నల్లకుంటలో ఇళ్ళు చూపించినవాణ్ణి.
గేటు కిర్రుమన్న తీరుకే చెప్పగలను
ఓనరు పై అంతస్తులో కాపురముంటాడో లేదో.
అలాంటి నాకు
జెనోవాలో ఒక ఇల్లు తేల్చుకోవడం రావట్లేదు.

ఏడు రాత్రులు, అంతే.
చిట్టీ డబ్బులు, వకుళ రిటైర్మెంటు, ఆమెదే ఒక పట్టుదల:
"నిద్ర లేస్తే కిటికీలో సముద్రముండాలి.
ట్యాంక్‌బండ్ కాదు, సముద్రం."

టేబుల్ మీద లాప్‌టాప్, వేయించిన పల్లీలు,
ఫ్యాను గాలికి రెపరెపలాడే నా పాత నోటుబుక్కు.
అలవాటు కొద్దీ రాసుకున్నాను:
నీళ్ళు మంజీరానా, బోరా?
కొట్టేశాను.
తూర్పు ముఖమేనా?
వకుళ నవ్వింది. అదీ కొట్టేశాను.
మెట్లెన్ని?
అది ఉంచాను. మా ఇద్దరి మోకాళ్ళూ ఒకే కంపెనీ.

కొండమీది పేట కాస్తెలెత్తో.
అక్కడికి వీధి వీధంతా లిఫ్టెక్కే పోతుందట.
ఓడరేవు మొత్తం కాళ్ళ కింద.
అద్దె చూసి వకుళ నమలడం ఆపింది.
"బంజారాహిల్స్," అంది. పేజీ మూసింది.

తర్వాత నెర్వి. అలల పక్కనే నడకదారి,
ఊళ్ళోకి రావాలంటే మాత్రం రైలు.
"ఇది మియాపూర్," అన్నాను నేను.
ఇల్లు బాగుంటుంది, బతుకు దారిలోనే అయిపోతుంది.

ఇక ప్రే.
రేవు వెనక సందులు,
ఎదురింటావిడ చెయ్యి చాస్తే
మన కిటికీలో కూర గిన్నె పెట్టేంత ఇరుకు.
నాలుగో అంతస్తు, డెబ్భై రెండు మెట్లు,
ఆరేసిన దుప్పట్ల మధ్య
చీర అంచంత సముద్రం.
అద్దె సగం.
కింద ఎవరో రాశారు:
"చీకటి పడ్డాక ఆ వీధిలోకి పోకండి,
అంతా వాళ్ళే ఉంటారు."

వాళ్ళు.
మిగతాదంతా యంత్రం తెలుగు చేసింది,
ఆ ఒక్క మాటకీ నాకు యంత్రం అక్కర్లేదు.
అది నా వ్యాపారంలో మాట.
"అటు వద్దండీ, మూసీ దాటితే వాళ్ళే,"
అని స్కూటర్ మీంచి మెడ తిప్పి
ఎన్ని కుటుంబాలకి చెప్పానో.

రెండువేల తొమ్మిది. వాన.
నస్రీన్ అని ల్యాబ్ టెక్నీషియన్,
ఫీవర్ ఆసుపత్రికి నడిచిపోయేంత దూరంలో ఇల్లు కావాలంది.
గొడుగు మడిచి గుమ్మం బయటే నిలబడి
వంటింటి అరలు లెక్కపెట్టుకుంది,
ఏ డబ్బా ఎక్కడో అప్పుడే సర్దేసుకుంటున్నట్టు.
ఓనరు నన్ను పక్కకి పిలిచి "పేరేంటి?" అన్నాడు.
చెప్పాను.
తర్వాత ఆమెకి చెప్పాను:
"ఇప్పుడే ఫోనొచ్చిందమ్మా, ఇల్లు అయిపోయిందట."
ఫోను నా చొక్కా జేబులో, ఆమె కళ్ళ ముందే,
ఒక్కసారి కూడా మోగలేదు.
"పర్వాలేదన్నా," అంది.
ఆమే నన్ను ఓదార్చింది.
ఆ ఇల్లు ఇంకో నాలుగు నెలలు ఖాళీ.
గేటుకి నా చేతిరాత బోర్డే.

ఇదేదీ వకుళకి చెప్పలేదు.
"ఏంటి, భయమా?" అంది పల్లీ పొట్టు ఊదుతూ.
"మెట్లు," అన్నాను.

ప్రే ఇంటావిడ పేరు ఒర్నెల్లా.
నొక్కగానే ఒక గడి తెరుచుకుంది:
మీ గురించి కొంచెం రాయండి.
ఎవరు మీరు, ఎంతమంది, ఎందుకొస్తున్నారు?
ఇన్నేళ్ళూ నేనడిగిన ప్రశ్నే,
కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

అనుముల విఠలయ్య, అని టైపు చేశాను.
ఇంటిపేరుతో సహా.
ఆ పేరు ఆ సందులో ఎవరికి ఎలా వినబడుతుందో,
ఎవరైనా ఎవర్నైనా పక్కకి పిలుస్తారో.
పంపాను.

రాత్రి పదకొండయింది. జవాబు లేదు.
వకుళ లేచి మేడమెట్ల లైటు వేసింది.
"మనవి పద్దెనిమిది," అంది. "నాలుగుసార్లు ఎక్కితే సరి."
నేనింకా తెర వైపే చూస్తుంటే
పైనుంచి వినబడుతోంది, ఆయాసపడుతూ,
పదహారు, పదిహేడు.