హామీపత్రం

ఈ కథ నా సొంతం.
అనువాదం కాదు, అనుకరణ కాదు,
ప్రస్తుతం వేరే ఏ పత్రిక పరిశీలనలోనూ లేదు,
ఇట్లు, అని సంతకం పెట్టి
ఆదోని హెడ్డాఫీసులో స్పీడు పోస్టు చేసిన రోజు
పత్తి క్వింటాలు ఏడువేల రెండువందలు.
రసీదు వెనక రాసుకున్నాను.
తారీఖుల కంటే నాకు రేట్లే గుర్తుంటాయి.

మార్కెట్ యార్డులో కాటా గుమాస్తాని.
బండి ఎక్కుతుంది, ఎర్ర అంకెలు వణుకుతాయి.
అవి నిలిచేదాకా
రైతు నా మొహం చూస్తాడు
నేను అంకెలు చూస్తాను.
పద్దెనిమిదేళ్ళు ఈ పక్క కూర్చున్నవాణ్ణి,
ఆ పక్క నిలబడితే
మెడలో ఎక్కడ నొప్పి మొదలవుతుందో
ఇప్పుడు తెలిసింది.

"మూడు నెలల్లోగా సమాధానం రాకుంటే
స్వీకరించనట్టు భావించగలరు."
భావించగలరు!
ఎంత మర్యాద ఆ మాటలో.
మా సేటు కూడా సరుకు వద్దని ఏనాడూ అనడు.
రేపు చూద్దాం లేప్పా, అంటాడు.
రైతు రెండు రాత్రులు బండి కింద పండుకొని
మూడోనాడు తనంతట తానే భావించి
ఎమ్మిగనూరు దారి పడతాడు.

ఒకసారి ఫోను చేశాను.
అవతల ఎత్తారు.
ఏం మాట్లాడాలో రాసిపెట్టుకున్న చీటీ
తూకం రసీదుల్లో కలిసిపోయింది.
రాంగ్ నంబరండీ, అని
నేనే చెప్పి పెట్టేశాను.

పోస్టుమాన్ గిడ్డయ్య సైకిలు
గేటు దగ్గర నెమ్మదించకుండా పోయే చప్పుడు
ఇప్పుడు కళ్ళు మూసుకున్నా పోల్చగలను.
ఒకనాడు ఆగింది.
చెయిన్ ఊడిందంట.

ఉరుకుందమ్మకు చెప్పకుండా ఉండాల్సింది.
నేల మీద రాలిన పత్తి ఊడ్చి
గోనెలకెత్తుతుంది యార్డులో.
ఇరవై రెండేళ్ళ కింద
బళ్ళారి ఆస్పత్రిలో ఆయా పని దొరికితే
చీర మూటతో బస్టాండుకు పోయి
కొళాయి దగ్గర నీళ్ళు తాగి తిరిగి చూసేసరికి
బస్సు లేదు.
మళ్ళా పోనియ్యలేదు ఇంట్లో.
ఒక మధ్యాహ్నం సద్ది తింటూ
నవ్వుతూ చెప్పింది ఇదంతా.
నా కథలో నేను ఆమెను బస్సెక్కించాను.

"నన్ను అడక్కుండానే రాస్తివా?" అంది.
అడగలేదు.
ఎవరి బతుకునూ అడగకుండా తీసుకోలేదు
అనే వాక్యం
నా అదృష్టం కొద్దీ హామీపత్రంలో లేదు.

తిట్టలేదు. కాసేపు పొరక ఆపి
"అచ్చులో ఎప్పుడొస్తాది?"
"తెలీదక్కా."
"అయితే వచ్చేదాంక నేను బస్సులోనే కూసోనుండాల్నా?"

అప్పటి నుంచి రోజూ అదే.
"యాడుందప్పా మన బస్సు?"
మొదటి నెల, ఆలూరు దాటలేదు అన్నాను.
రెండో నెల హాలహర్వి.
"కిటికీ పక్కనే కదా సీటు?"
కిటికీ పక్కనే, అన్నాను.
కథలో అట్లా రాయలేదు.
ఆ రాత్రి కార్బన్ కాపీ తీసి
అంచులో పెన్సిలుతో చేర్చాను,
కిటికీ పక్క సీటు.
చేర్చాక చూస్తే
మొత్తం కథలో నిజమైన మాట అదొక్కటే అనిపించింది.

తొంభై ఒకటో రోజు
గిడ్డయ్య సెలవులో ఉన్నాడు.
బదులు వచ్చిన కుర్రాడికి మా గేటు కూడా తెలీదు.
ఎండ కాటా పలక మీద మండుతోంది.
ఉరుకుందమ్మ వచ్చి గోనె దించింది.
"బళ్ళారి కొండ కనపడుతుండాదా?"

భావించగలరు, అని చెప్పలేకపోయాను.
"టైరు పంచరైందక్కా," అన్నాను.

ఆమె నా మొహం చూసింది.
రైతులు చూసినట్టు కాదు,
తూకం నాకంటే ముందే తెలిసినదాని లెక్క.
కొంగుతో మెడ తుడుచుకుని
"పంచరైతే మేలే కదప్పా.
దిగి నిమ్మళంగా నీళ్ళు తాగొచ్చు.
ఈతూరి బస్సు యాడికీ పోదు," అంది.

సాయంత్రం పోస్టాఫీసు మూసే వేళకు
కొత్త కవరు కొన్నాను.
పత్తి ఆరువేల తొమ్మిదివందలు.